రాయి చేతికందని జియాలజీ చదువు

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరులో విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. పత్రికలన్నీ ఫొటోలతో సహా రాశాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఫిజికల్ జియాలజీ తీసుకున్న విద్యార్థికి మాత్రం ఆ దిబ్బలు నోట్సులో ఒక పేరాగానే మిగిలిపోతున్నాయి. అలాంటి ఎర్ర ఇసుకను చిటికెడు తీసుకుని పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు కింద పెడితే, ఎరుపు రేణువు లోపల లేదనీ, పలుగురాయి రేణువు పైన పట్టిన ఐరన్ ఆక్సైడ్ పొరదేననీ అర నిమిషంలో తెలుస్తుంది. మన తరగతి గదుల్లో ఆ అర నిమిషమే దొరకడం లేదు.

మేం డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెబుతున్నవాళ్లం. ఇంటర్‌లో జియాలజీ చదివి వచ్చేవారు చాలా తక్కువ కాబట్టి, పిల్లలకు ఈ శాస్త్రంతో తొలి పరిచయం మొదటి ఏడాది ఫిజికల్ జియాలజీ పేపరే. అక్కడ చెయ్యీ కన్నూ అలవాటు పడకపోతే తర్వాత మినరాలజీ, పెట్రాలజీ, స్ట్రక్చరల్ జియాలజీ (ఖనిజాలు, రాళ్లు, పొరల నిర్మాణం గురించిన పేపర్లు) అన్నీ బట్టీ చదువులే అవుతాయి. చాలాచోట్ల జరుగుతున్నది అదే. శాంపిళ్లు అద్దాల బీరువాలో ఉంటాయి, ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో నంబరు ఉంటుంది. మూల విరిగిన 7వ నంబరు ముక్క హెమటైట్ (ఇనుప ఖనిజం) అని పిల్లలు గుర్తు పెట్టుకుంటారు. పరీక్షలోనూ అదే ముక్క వస్తుంది, పూర్తి మార్కులు పడతాయి. అదే హెమటైట్ ఇంకో గని నుంచి, ఇంకో ఆకారంలో వస్తే గుర్తుపట్టలేరు. తప్పు పిల్లలది కాదు. రాయిని గీయనివ్వని, విరగ్గొట్టనివ్వని, తడపనివ్వని ల్యాబుది.

దీన్ని సరిదిద్దడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఇద్దరు విద్యార్థులకు ఒక పెట్టె చాలు. అందులో లెన్సు, జేబుకత్తి, రాగి తీగ ముక్క, అంచులు అరగదీసిన గాజుపలక, చిన్న అయస్కాంతం ఉండాలి. హార్డ్‌నెస్‌కు (1 నుంచి 10 అంకెల్లో చెప్పే గట్టిదనానికి) రాగి నాణెం వాడాలని పాత ప్రాక్టికల్ పుస్తకాల్లో ఉంటుంది గానీ ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టీలువి. వాటితో గీస్తే ఫలితం తప్పు వస్తుంది, అందుకే రాగి తీగ. స్ట్రీక్ ప్లేటు (ఖనిజాన్ని గీసి దాని పొడి రంగు చూసే పలక) లేకపోతే బాత్రూం టైలును తిరగేసి గరుకు వైపు వాడుకోవచ్చు. ఎర్రమట్టితో చేసిన టైలు మీద హెమటైట్ గీత కనపడదు కాబట్టి వెనుక తెల్లగా ఉన్నది ఏరుకోవాలి.

సున్నపు రాళ్లను పట్టిచ్చే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పది శాతం ఉంటే సరిపోతుంది. దుకాణంలో దొరికే గాఢ యాసిడ్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు. ముందు నీళ్లు పోసుకుని అందులో యాసిడ్ కలపాలి, ఎన్నడూ తిరగేసి చేయకూడదు. డ్రాపర్ సీసాలో పోసి, రాయి మీద ఒక్క చుక్క వేసి, చూశాక నీళ్లతో కడిగెయ్యాలి. చిమ్మించుకుంటూ పోతే శాంపిల్ పాడవడమే కాక చేతులు, బట్టలు కాలతాయి.

ఖనిజాన్ని పరీక్షించే వరుస కూడా ముఖ్యమే. మా అనుభవంలో పిల్లలు అన్నిటికంటే ముందు రంగు రాస్తారు, పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి. పలుగురాయి తెల్లగా, బూడిదరంగులో, గులాబీరంగులో, పొగరంగులో ఉంటుంది. గాజులా మెరుస్తూ, కత్తికి లొంగకుండా, చదునైన ముఖాలుగా కాక ఎగుడుదిగుడుగా విరిగితే రంగు ఏదైనా అది చాలావరకు పలుగురాయే. అందుకని ముందు మెరుపు, తర్వాత స్ట్రీక్, తర్వాత హార్డ్‌నెస్, క్లీవేజ్ (చదునుగా చీలే గుణం), బరువు, చివర్లో యాసిడ్, అయస్కాంతం. రంగు అన్నిటికన్నా ఆఖర్న రాయించాలి. స్ట్రీక్ ఎంత నమ్మదగిందో చూపడానికి ఇనుప ఖనిజాలే మంచి పాఠం. హెమటైట్ నల్లగా మెరుస్తున్నా గీత ఎర్రగానే పడుతుంది, మాగ్నటైట్ గీత నల్లగా, గోథైట్ గీత పసుపు కలిసిన గోధుమరంగులో పడతాయి. బయ్యారం నుంచో ఓబుళాపురం నుంచో వచ్చిన రాళ్లను ఇలా పక్కపక్కన గీసి చూసిన విద్యార్థి ఈ తేడాను మర్చిపోడు.

హార్డ్‌నెస్‌లో ఒక పొరపాటు అదే పనిగా కనిపిస్తుంది. మెత్తటి ఖనిజాన్ని గాజు మీద రుద్దితే దాని పొడి గాజుకు అంటుకుని తెల్ల గీతలా ఉంటుంది. గాజు గీరుకుపోయిందనుకుని 6 అని రాసేస్తారు. తడి వేలితో తుడిచి, గోటితో తడిమితే తేలిపోతుంది. తుడిస్తే పోయేది పొడి, గోటికి తగిలేదే గీత. ఇంకొకటి, గాలికీ వానకూ నానిన పైపెచ్చు మీద పరీక్ష చేయడం. ఫెల్డ్‌స్పార్ హార్డ్‌నెస్ 6 అని పుస్తకం చెబుతుంది, కానీ కొండ మీద ఏళ్ల తరబడి నానిన ఫెల్డ్‌స్పార్ కయోలిన్‌గా (మెత్తటి మట్టిగా) మారిపోయి గోటికే రాలుతుంది. కాబట్టి ఏ పరీక్షకైనా తాజాగా విరిగిన ముఖమే కావాలి.

యాసిడ్ విషయంలోనూ ఇంతే. నల్లరేగడి ప్రాంతాల్లో గ్రానైట్ రాయికి కూడా సున్నపు పూత పడుతుంది. దాని మీద చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, గ్రానైట్ కాస్తా సున్నపురాయి అయిపోతుంది. పూత గీకేసి మళ్లీ చుక్క వేయాలి. దీనికి ఎదురు తప్పు డోలమైట్‌తో వస్తుంది. పులివెందుల, వేంపల్లె వైపు దొరికే డోలమైట్ (సున్నపురాయికి దగ్గరి రాయి) మీద చల్లటి యాసిడ్ చుక్క వేస్తే దాదాపు ఏమీ కాదు. కత్తితో గీకి పొడి చేసి, ఆ పొడి మీద వేస్తే మెల్లగా బుడగలొస్తాయి. పొడి చేయకుండా కార్బొనేట్ (సున్నపురాయి జాతి) కాదని రాసినవారికి మార్కులు కోయడం కంటే, ఆ బుడగలు చూపించడం మేలు.

ముగ్గురాయిని, అంటే బరైటీస్‌ను, కాస్త వివరంగా చెప్పాలి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలోని బరైటీస్ నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ పొడిని డ్రిల్లింగ్ మడ్ అనే చిక్కటి ద్రవంలో కలుపుతారు, దాని బరువు కోసమే. మన డిగ్రీ విద్యార్థి బేరియం సల్ఫేట్ ఫార్ములా తడబడకుండా రాస్తాడు. కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం), పలుగురాయి, ముగ్గురాయి ముక్కలు మూడూ తెల్లగా ఉన్నవి చేతిలో పెడితే మాత్రం తికమకపడతాడు. నిజానికి ఇది తేలిక. కత్తికి లొంగనిది పలుగురాయి. మిగతా రెండిటి హార్డ్‌నెస్ 3కు అటూఇటూ. యాసిడ్‌కు పొంగేది కాల్సైట్, పొంగనిది ముగ్గురాయి. అరచేతిలో ఎత్తి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ఆ బరువును అంకెల్లో చూపడానికి వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు. ముందు ముక్కను పొడిగా తూచాలి. తర్వాత గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. ముక్కకు దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా వేలాడదీయాలి. ఇప్పుడు త్రాసు చూపే గ్రాములు ఆ ముక్క పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీటికి ఎన్ని రెట్లు బరువో, వస్తుంది. 180 గ్రాముల ముగ్గురాయికి త్రాసు 40 చూపితే 4.5. అంతే బరువున్న పలుగురాయికి 68 చూపుతుంది, అంటే 2.65. అంకె తేడా వస్తే కారణాలు మూడే. ముక్క అడుగుకు తగిలింది, పగుళ్లలో గాలి బుడగలు నిలిచాయి, లేదా రాయి నీళ్లు పీల్చుకుంది. బుడగలను బ్రష్‌తో తుడిచి మళ్లీ చూడాలి. నీళ్లు పీల్చే రాయికి ఈ పద్ధతి పనికిరాదు.

మొదటి ఏడాది పట్టికలో ఉండే ఖనిజాల్లో చాలాభాగం మన నేల మీదే దొరుకుతాయి. గూడూరు అభ్రకం, చీపురుపల్లి వైపు మాంగనీసు ఇందుకు ఉదాహరణలు. వీటిని బయటి నుంచి కొనే కాలేజీలున్నాయని తెలిస్తే బాధేస్తుంది. రాతినార (ఆస్‌బెస్టాస్) ఒక్కటి మాత్రం వేరు. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం కాబట్టి మూసిన గాజు సీసాలోనే చూపాలి, చేత్తో పీకనివ్వకూడదు.

రాళ్ల పాఠానికి ఇంటి గచ్చే చాలు. తాండూరు బండలు, బేతంచర్ల బండలు, కడప నల్లబండలు సున్నపురాళ్లే. నిమ్మరసం పడితే మెరుపు పోయేది అందుకే. చీమకుర్తి గెలాక్సీని వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి. అందులో పలుగురాయి లేదు, బంగారంలా మెరిసేవి పైరాక్సీన్ అనే ఖనిజం రేకులు. దాని పక్కన హైదరాబాద్ గ్రానైట్ ముక్క పెట్టి, రెండిట్లో దేనిలో పలుగురాయి ఉందో చూపమంటే విద్యార్థికి ఇగ్నియస్ రాళ్ల (కరిగిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడిన రాళ్ల) వర్గీకరణ సగం వచ్చేసినట్టే. మార్కాపురం పలకరాయిని కూడా వదలకూడదు. పలక చీలే తలమే పాతకాలపు బురద పొర అని పిల్లలు అనుకుంటారు. కొన్ని పలకల మీద సన్నటి రంగు చారలు చీలే తలాన్ని ఏటవాలుగా కోస్తూ పోతాయి. ఆ చారలే అసలు పొరలు, చీలే తలం మాత్రం ఆ తర్వాత వచ్చిన ఒత్తిడి వల్ల ఏర్పడింది. మెటమార్ఫిజం (వేడికీ ఒత్తిడికీ రాయి మారిపోవడం) అనే మాటను ఇంత స్పష్టంగా చూపే వస్తువు ఇంకొకటి లేదు.

ఇక ఫీల్డ్ వర్క్. ఇక్కడే ఎక్కువ అన్యాయం జరుగుతోంది. బస్సు లేదనో, అనుమతి లేదనో, ఆడపిల్లల్ని పంపరనో రద్దు చేస్తారు. ఏడాది చివర్లో ఒక విహారయాత్ర చేసి దానికే ఫీల్డ్ ట్రిప్ అని పేరు పెడతారు. మేం అడిగేది నాలుగు రోజుల యాత్ర కాదు. కాలేజీకి ముప్ఫై కిలోమీటర్ల లోపు, పొద్దున వెళ్లి చీకటి పడకముందే తిరిగొచ్చేలా, సెమిస్టర్‌కు రెండు రోజులు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసి పెట్టి, ఒక మహిళా అధ్యాపకురాలు వెంట ఉంటే తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ఆడపిల్లలు ఫీల్డ్‌కు రారనే మాట అబద్ధం. ఏర్పాట్లు చేయని మనమే వాళ్లను ఇంట్లో కూర్చోబెడుతున్నాం.

ఆ రెండు రోజుల్లో పొరల వాలునూ దిక్కునూ కొలిచే క్లైనోమీటర్ కంపాస్ వాడకం వస్తే చాలు. పొర తలం మీద నాలుగు చుక్కల నీళ్లు వదిలితే అవి పారే దిక్కే డిప్ (పొర వాలు) దిక్కు, దానికి అడ్డంగా గీసే సమతల రేఖ స్ట్రైక్. తలం గరుకుగా ఉంటే దాని మీద నోట్‌బుక్ అట్ట పరిచి, కంపాస్ అంచు దానికి ఆనించి, బుడగ మధ్యకు వచ్చాక చదవాలి. బ్రంటన్ కంపాస్ డయల్ మీద తూర్పు, పడమర అక్షరాలు తారుమారుగా ఉంటాయి. పెట్టె తిరుగుతుంది, ముల్లు నిలిచి ఉంటుంది, అందుకే అలా చేశారు. అది అచ్చుతప్పు అనుకుని కొందరు లెక్క మార్చి రాసుకుంటారు, దాంతో రీడింగులన్నీ తలకిందులవుతాయి. సుత్తి, సెల్‌ఫోన్, ఇనుప గేటు దగ్గరగా ఉన్నా, మాగ్నటైట్ ఉన్న రాయి మీద పెట్టినా ముల్లు పక్కకు లాగుతుంది. డిప్ 25 డిగ్రీలు అని ఒక్క అంకె రాస్తే అది ఎందుకూ పనికిరాదు, దిక్కు రాయాలి. స్ట్రైక్ ఉత్తరం నుంచి తూర్పుకు 40 డిగ్రీలైతే డిప్ ఆగ్నేయానికో వాయవ్యానికో ఉండాలి. నైరుతి అని రాసి ఉంటే ఆ రీడింగ్ మళ్లీ తీయాల్సిందే.

ఎక్కడ కొలవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రోడ్డు కోసం తవ్విన గోడ మీద కనిపించే వాలు అసలు డిప్ కాకపోవచ్చు. పొర 30 డిగ్రీలు వాలి ఉండి, గోడ స్ట్రైక్‌కు 30 డిగ్రీల కోణంలో ఉంటే గోడ మీద 16 డిగ్రీలే కనిపిస్తుంది. గ్రానైట్‌లో పొరలుండవు, ఉల్లిపొరల్లా ఊడే షీట్ జాయింట్లు ఉంటాయి. వాటిని కొలిచి బెడ్డింగ్ (పొరల అమరిక) అని రాయడం తెలంగాణ కాలేజీల రికార్డుల్లో మామూలైపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లలో చాలావాటికి కింది బండతో బంధం తెగిపోయింది. అలాంటి గుండు మీద తీసిన రీడింగ్‌కు విలువ లేదు. కడప బేసిన్ క్వార్ట్‌జైట్లలో (ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాళ్లలో) క్రాస్ బెడ్డింగ్, అంటే పొర లోపలే ఏటవాలు గీతలు, ఉంటుంది. ఆ చిన్న ఏటవాలు గీతలను కొలవకుండా వాటికి పైనా కిందా ఉన్న పెద్ద తలాన్ని కొలవాలి.

తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీకి (రాళ్ల మధ్య కాలం తెగిపోయిన చోటుకి) తరగతిని తీసుకెళ్లగలిగిన కాలేజీలు తప్పక తీసుకెళ్లాలి. అక్కడ సుత్తి బయటకు తీయకూడదు. అది జాతీయ భూగర్భ స్మారకం, పైగా భక్తుల వాహనాలు ఆగకుండా తిరిగే మలుపులు. పెన్సిలు, కాగితం, అనుమతి ఉంటే చాలు. కింద పొరల్లేని గ్రానైట్, పైన ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న క్వార్ట్‌జైట్, మధ్యలో ఒక గీత. కోట్లాది సంవత్సరాలు ఆ గీతలో పోయాయి. దాన్ని చూడగానే విద్యార్థిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గ్రానైట్ తర్వాత కింద నుంచి వేడిగా చొచ్చుకొచ్చిందని ఎందుకు అనకూడదు? అలా జరిగి ఉంటే గ్రానైట్ సిరలు పై పొరల్లోకి పాకేవి, అంచున పైరాయి కాలిన ఆనవాళ్లు ఉండేవి. అవి లేవు కాబట్టి గ్రానైట్ ముందు పుట్టి, పైకి తేలి, అరిగి, ఆ అరిగిన నేల మీద ఇసుక పడింది. ఈ వాదనను స్కెచ్ పక్కన తన మాటల్లో నాలుగు వాక్యాలు రాసిన విద్యార్థికి అన్‌కన్ఫార్మిటీ నిర్వచనం వేరే చెప్పక్కర్లేదు. శాంపిల్ కొట్టడానికి క్వారీలు, కొత్తగా తవ్విన బావులు ఉండనే ఉన్నాయి. ఎర్రమట్టి దిబ్బలకూ ఇదే నియమం.

మ్యాపు ప్రాక్టికల్ దగ్గర ఒక్క తప్పు గురించి చెబుతాం, ఎందుకంటే అది రికార్డుల్లో తరాల తరబడి కాపీ అవుతోంది. టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) స్కేలు 1:50,000, అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. అదే స్కేలులో సెక్షన్ (నేలను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ) గీస్తే 200 మీటర్ల కొండ 4 మిల్లీమీటర్లే ఉంటుంది. అందుకని నిలువు స్కేలును సెంటీమీటరుకు 100 మీటర్లు చేస్తారు. ఎత్తు ఐదు రెట్లు పెరుగుతుంది, ఇందులో తప్పులేదు. తప్పు ఆ తర్వాతిది. అదే సెక్షన్ మీద కోణమానిని పెట్టి 10 డిగ్రీల డిప్‌ను 10గానే గీస్తారు. ఐదు రెట్లు సాగదీసిన సెక్షన్‌లో 10 డిగ్రీల పొర 41 డిగ్రీలుగా కనిపించాలి. 10గా గీసిందంటే ఆ పొర నేలలో 2 డిగ్రీలే వాలి ఉన్నట్టు లెక్క. ఇక దాని ఆధారంగా బోరు ఎన్ని మీటర్లలో బొగ్గు పొరను తాకుతుందో చెప్పమంటే జవాబు ఎంత దూరం పోతుందో ఊహించవచ్చు. డిప్ చూపాల్సిన సెక్షన్‌ను రెండు స్కేళ్లూ సమానంగా పెట్టి గీయించాలి, లేదా టాన్ విలువను ఐదుతో గుణించి కోణం మార్చాలి.

ఈ చదువు అవసరం ఉద్యోగాలతోనే ఆగదు. రాయలసీమ, తెలంగాణ గ్రానైట్ నేలల్లో భూగర్భజలం ఉండేది చివికిన పైరాయిలోనూ, దాని కింది పగుళ్లలోనూ. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడి మాట విని అప్పు చేసి బోర్లు వేసి ఎండిపోయిన రైతు ఇంటి నుంచే మా తరగతికి పిల్లలు వస్తున్నారు. బావి గోడలో చివికిన పొర మందం ఎంతో, పగుళ్లు ఏ దిక్కుకు పోతున్నాయో చదవగలిగితే ఆ ఇంటికి అది వెంటనే పనికొస్తుంది.

విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు (సిలబస్, పరీక్షలు చూసే కమిటీలకు) మా విన్నపం పరీక్ష గురించి. బీరువాలోని నంబర్ల శాంపిళ్లను పరీక్ష నుంచి తీసేయండి. ఆ ఏడాది ఆ జిల్లాలోనే ఏరుకొచ్చిన, నంబరు లేని ఆరు రాళ్లు బల్ల మీద పెట్టండి. ఒక్కోదానికి పది నిమిషాలు ఇవ్వండి, పరికరాల పెట్టె పక్కనే ఉండనివ్వండి. పేరుకు రెండు మార్కులు, ఏ పరీక్ష చేస్తే ఏం కనిపించిందో వరుసగా రాసినందుకు ఎనిమిది మార్కులు వేయండి. వైవాలో పిల్లవాడు బరైటీస్ అనకుండా ముగ్గురాయి అన్నా ఒప్పుకోండి. రికార్డులో సొంతంగా వేసిన ఫీల్డ్ స్కెచ్‌లు కనీసం రెండు, స్కేలుతో, ఉత్తరం గుర్తుతో, తేదీతో ఉంటేనే సంతకం పెట్టాలని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఆదేశం ఇవ్వండి.

ఇట్లు,
డిగ్రీ కళాశాలల్లో భూగర్భశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు